వెనక ఎడమ, నాలుగో లైను

కాదు నాన్నా, ఊరికే తలూపితే నాకేం తెలుస్తుంది? శబ్దం ఎటు నుంచి వస్తోందో అటు చెయ్యెత్తు. ముందు నుంచా? కుడీ ఎడమా రెండూ ముందేనా? మరి వెనక?

ఏం లేదా. అచ్ఛా.

చూశావా ఈ కంపెనీల పని! ఇది నాలుగో ఆదివారం. ఢిల్లీ ఆ చివర వసంత్ కుంజ్‌లో హాస్టల్ దగ్గర బస్సెక్కి, మెట్రో మారి, వైశాలిలో దిగి, ఆటో వాడితో గొడవపడి ఇందిరాపురం చేరుతున్నాను. చేరి ఏం చేస్తున్నాను? ఈ టీవీ వెనక తల దూర్చి దుమ్ము తింటున్నాను. ముందు రెండూ పలుకుతున్నాయి. మధ్యది పలుకుతోంది. ఆ మూల బేస్ డబ్బా గోడలు అదరగొడుతోంది. వెనక రెండు స్పీకర్లు మాత్రం మూగనోము పట్టాయి.

లేవకు, లేవకు. సోఫా మధ్యలోనే కూర్చో. ఈ గదిలో సరిగ్గా వినబడే చోటు అదొక్కటేనని కొలత టేపు పెట్టి తేల్చింది నువ్వే కదా.

అమ్మ సంతకి వెళ్లింది. ఆదివారం సంత, బేరాలాడకుండా రాదు. గంట పడుతుంది. ఈ గంటలో తేలకపోతే అయిపోయినట్టే. రేపు పొద్దున పదింటికి షాపు వాళ్ల వ్యాను వచ్చేస్తుంది. పాతది పట్టుకుపోయి, టీవీ కింద పెట్టుకునే బద్ద ఒకటి ఇచ్చిపోతారు. సౌండ్ బార్! "సాయంత్రానికి ఆరూ మోగితే ఉంచుతానే మైథిలీ, లేకపోతే పోనీ దరిద్రం" అని తేల్చేసింది అమ్మ. విన్నావుగా.

విని ఊరుకున్నావు కూడా. నీ హోమ్ థియేటర్ నాన్నా ఇది! ఆర్మీ క్యాంటీన్‌లో వంతు కోసం కాచుకుని కాచుకుని తెచ్చుకున్నావు. పదహారేళ్లయింది. ఒక్కరోజు పొగ రాలేదు, ఒక్క స్క్రూ ఊడలేదు. దీన్ని చెత్తలో పడేయమనడానికి వాళ్లెవరు?

నేను చెప్తున్నది అదే. వాళ్లకి పాడైపోని వస్తువంటే భయం. పాడవదు కాబట్టి పాతబడేలా చేస్తారు. వాడు, పారెయ్, మళ్లీ కొను. ఇదీ వాళ్ల మతం.

నవ్వకు.

టీవీకి కొత్తగా తగిలించిన ఈ పుల్లని చూడు. వేలెడంత లేదు. ఇందులో లోకంలో ఉన్న సినిమాలన్నీ ఉన్నాయట. దీనికున్నది ఒకటే మూతి. అది కొత్త టీవీలో దూరుతుంది గానీ, మన ఆంప్లిఫయరుకి ఆ కన్నమే లేదు. మనకున్నది ఇదిగో, ఈ ఆప్టికల్ తీగ, కొసన ఎర్రగా వెలుగుతుందే, అది. ఆ తీగకి తగిలే చోటు పుల్లలో పెడితే వాడి సొమ్మేం పోయింది? పెట్టడు. పెడితే మనం కొత్తది కొనం కదా.

పైగా మనం ఏం చూశామో, ఎంతసేపు చూశామో, ఎక్కడ విసుగొచ్చి ఆపేశామో అన్నీ రాసుకుంటుంది. మనింట్లో కూర్చుని, మన కరెంటు తాగి, మన మీదే నిఘా. నువ్వు బోర్డర్‌లో చేసిన ఉద్యోగం ఇప్పుడు ఈ పుల్ల చేస్తోంది. కాకపోతే దీనికి సెలవు లేదు.

సరే, సరే. ఉపన్యాసం ఆపేస్తాను.

మొదటి ఆదివారం ఏం తేలింది? టీవీ దళారి అని తేలింది. పుల్ల ఆరు దారుల్లో శబ్దం పంపుతుంటే, ఈ టీవీ మధ్యలో కూర్చుని ఆరింటినీ నలిపి రెండు చేసి మన ఆంప్లిఫయరుకి పోస్తోంది. రైతుకీ కొనేవాడికీ మధ్య మండీలో కూర్చునేవాడి లాగా. సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఉంది ఆ మీట. తిప్పాను. దళారి తప్పుకున్నాడు. దున్నేవాడిదే భూమి అయితే వినేవాడిదే శబ్దం అని అరిచాను కూడా, గుర్తుందా? అమ్మ పక్క ఫ్లాట్ వాళ్లు వింటారే అని నోరు మూయించింది.

తర్వాత ఏమైంది? అసలు శబ్దమే పోయింది. పుల్ల కొత్త కోడ్‌లో మాట్లాడుతోంది, మన పాత ఆంప్లిఫయరుకి ఆ కోడ్ రాదు. నీకు నేను చెప్పాలా? అవతలివాడు కోడ్ మార్చేసి నీకు చెప్పకపోతే వైర్‌లెస్ సెట్‌లో గరగర తప్ప ఏం వినబడుతుంది?

రెండో ఆదివారం దాని పని పట్టాను. పుల్లలో పాత కోడ్ కూడా ఉంది, నాలుగు మెనూల కింద పాతిపెట్టారు. "ఆటో" అని రాసి ఉన్నచోట వేలు పెట్టి పాత కోడ్‌కి మార్చాను. మార్చగానే ఇదిగో, ఆంప్లిఫయరు మొహం మీద ఈ చిన్న గళ్లన్నీ వెలిగాయి. ముందు ఎడమ, మధ్య, ముందు కుడి. వెనక ఎడమ, వెనక కుడి. చూడు, ఇప్పుడు కూడా వెలుగుతున్నాయి.

అంటే శబ్దం లోపలిదాకా వచ్చింది నాన్నా. ఆరూ వచ్చాయి. ఆంప్లిఫయరు చదువుకుంది కూడా.

మరి బయటికెందుకు రావడం లేదు?

ఏమంటావు? చెప్పు. నువ్వు ఏమీ అనవు. నాలుగు వారాలుగా చూస్తున్నాను. నేను అరుస్తుంటాను, నువ్వు ఆ మధ్య సీట్లో కూర్చుని, చెయ్యెత్తమంటే ఎత్తి, దించమంటే దించి, టీ తాగుతావా అని అడిగి వెళ్లిపోతావు.

నాకు అనుమానం అక్కడే మొదలైంది.

ఇరవయ్యారేళ్లు ఆర్మీ సిగ్నల్స్‌లో ఫోన్ లైన్లు లాగిన మనిషి. నాయబ్ సుబేదార్ బసవరాజు. మంచులో, ఇసుకలో, రాత్రికి రాత్రి మైళ్లకి మైళ్లు తీగ పరిచినవాడు. ఫోన్ పలకట్లేదంటే ఫోన్‌ని తిట్టకు, ముందు నీ చివర చూసుకో, తర్వాత అవతలి చివర, తర్వాత మధ్యలో నడువు. నా చిన్నప్పుడు సైకిల్ గంట మోగకపోయినా ఇదే పాఠం చెప్పేవాడివి. ముందు నీ చివర చూసుకో.

అలాంటి మనిషి ఇంట్లో రెండు స్పీకర్లు పలకకపోతే, ఒక్కసారి లేచి తీగ పట్టుకుని చూడలేదు! కూతురికి మెసేజ్ పెట్టాడు.

ఉంది నా దగ్గర. తీసెయ్యలేదు. వినిపిస్తాను ఉండు. "రేర్ స్పీకర్స్ నో సౌండ్. న్యూ బాక్స్. అడ్వైజ్." అంతే. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే. బాక్సంటే ఈ పుల్లట. రెండేళ్ల తర్వాత తండ్రి దగ్గర్నుంచి వచ్చిన మొదటి మెసేజ్ ఇది! బాగున్నావా లేదు, తిన్నావా లేదు. మా హాస్టల్‌లో ఇంద్రాణికి చూపిస్తే, "మీ నాన్న యుద్ధంలో ఉన్నారా?" అనడిగింది.

నేనేం జవాబిచ్చానో కూడా గుర్తుందిలే. పెట్టుబడిదారీ దోపిడీ గురించి రెండు పేజీలు. చివర్లో, "రేపు వస్తాను."

సరే. ఇప్పుడు నేనొక మీట నొక్కుతాను. చెయ్యెత్తనక్కర్లేదు. ఊరికే విను.

ష్‌ష్‌ష్... ఇది ముందు ఎడమ. ష్‌ష్‌... మధ్య. ష్‌ష్‌... ముందు కుడి.

ఇప్పుడు వెనక కుడి. ఏం లేదు. వెనక ఎడమ. ఏం లేదు.

మళ్లీ ముందు ఎడమ.

ఇదేంటో నీకు తెలుసు. టెస్ట్ టోన్. ఈ శబ్దం పుల్ల నుంచి రావడం లేదు, టీవీ నుంచి రావడం లేదు. ఆంప్లిఫయరు తన కడుపులోంచి తనే తీసి ఒక్కొక్క స్పీకరుకి పంపుతోంది. అంటే కంపెనీకీ దీనికీ సంబంధం లేదు. టీవీకీ లేదు. పెట్టుబడికి కూడా, ఏం చేస్తాం, లేదు. ముద్దాయి ఇంట్లోనే ఉన్నాడు.

ఈ మీట సంగతి నీకు పదహారేళ్ల నుంచి తెలుసు. ఈ పెట్టె వచ్చిన రోజు కంటోన్మెంట్ క్వార్టర్లో నువ్వు చేసిన మొదటి పని ఇదే. నన్ను ఇలాగే మధ్యలో కూర్చోబెట్టి, ఎటు వినబడితే అటు చెయ్యెత్తమన్నావు. నాకు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఏదో సినిమా పెడితే వెనక వాన పడింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆరేసిన బట్టలు తీయడానికి పెరట్లోకి పరిగెత్తింది. బయట మండుటెండ!

హా, నవ్వావు. దొరికావు.

మరి చెప్పు. తెలిసినవాడివి ఈ మీట ఎందుకు నొక్కలేదు? నాలుగు వారాలు నా చేత కంపెనీలన్నిటినీ తిట్టించావు. ఎందుకు?

నేల చూడకు. నన్ను చూడు. పోనీ ఇటు చూడు.

ఇదిగో, ఆంప్లిఫయరు వెనక నుంచి లాగుతున్నాను. తీగ. కొసలు బిగించి ఉండాల్సిన చోట లేవు. ఊడిపోలేదు, విప్పి ఉన్నాయి. కొసకొసకీ విడివిడిగా నల్ల టేపు, ఒకదానికొకటి తగిలి ఏదీ కాలిపోకుండా. ఎంత ముద్దుగా చుట్టారో! ఆ టేపు మీద తెల్ల టేపు ముక్క. దాని మీద బాల్‌పెన్నుతో, "4. వెనక ఎడమ." ఇంకోదాని మీద, "5. వెనక కుడి."

కింద తారీఖు. ఏడు, పదకొండు.

నీ మెసేజ్ ఎనిమిదో తారీఖు పొద్దున వచ్చింది నాన్నా.

ఏ లైను విప్పినా కొసలకి టేపు చుట్టి, నంబరేసి, తారీఖు వెయ్యకుండా నీకు చెయ్యాడదు. ఇరవయ్యారేళ్ల అలవాటు. దొంగతనం చేసి రసీదు రాసిపెట్టే మనిషిని నిన్నే చూశాను!

ఏంటీ? గట్టిగా చెప్పు.

"పిలిస్తే వచ్చేదానివా?"

...

వచ్చేదాన్ని కాదేమో. నిజమే చెప్తున్నాను. నాన్నా, ఇంటికి రా అని పెట్టి ఉంటే, నాకు పొగరు. ఇంట్లో కూర్చున్న అధికారం ఆజ్ఞ జారీ చేసింది అని ఇంద్రాణితో జోకులేసుకుని ఊరుకునేదాన్ని. అడ్వైజ్ అన్నావు చూడు, అక్కడ పడిపోయాను. నా సలహా అడిగావు.

ఎక్కడ కొట్టాలో నీకు బాగా తెలుసు.

ఆరోజు సంగతి ఎత్తొద్దులే అనుకున్నాను. కానీ టేపు విప్పాక తీగ బయటపడాల్సిందే కదా. నీతో ఆర్మీలో పనిచేసిన గోవిందరాజులు అంకుల్ రిటైర్‌మెంట్ భోజనం. ఈ టేబుల్ దగ్గరే. ఆయన మెడలో దండ కూడా తియ్యలేదు ఇంకా. ఏదో వార్త మీద మాటా మాటా పెరిగింది. నేనన్నాను, "మీరు కాపలా కాసింది దేశానికి కాదు, దేశం ఓనర్లకి" అని. ఎక్కడో చదివిన మాట. ఎప్పుడు వాడదామా అని జేబులో పెట్టుకు తిరుగుతున్న మాట. మీ ఇద్దరి మొహాల మీద విసిరాను.

అంకుల్ నవ్వేసి పెరుగు వేయించుకున్నారు. నువ్వు లేచి చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి వెళ్లిపోయావు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నా దగ్గర ఇంకా నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. నువ్వు లైను కట్ చేసేశావు.

నేను బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాను. రెండేళ్లు. అమ్మ రాజీవ్ చౌక్ మెట్రో ప్లాట్‌ఫాం మీదికొచ్చి నన్ను చూసుకుని పోయేది. ఎస్కలేటర్ అంటే భయం ఆవిడకి. మెట్లన్నీ దిగి వచ్చేది.

ఆ మాట నేను వెనక్కి తీసుకోను నాన్నా. నువ్వు అడగవు, తెలుసు. అయినా చెప్తున్నాను. అందులో నిజం ఉందనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ అది అన్నది ఎవరి ముందు, ఎవరి అన్నం తింటూ, ఎవరి కళ్లలోకి చూడకుండా... అదంతా తప్పు. ఆ తప్పు నాది. క్షమాపణ చెప్పడానికి నా దగ్గర నినాదం ఒక్కటి కూడా లేదు. వెతికాను. లేదు.

ఏం, కళ్లజోడు ఇప్పుడే తుడవాలా?

ఆగు, ఇంకోటుంది. ఈ తీగ మధ్యలో చూడు. ఇక్కడ. పాత అతుకు. ముడి వేసి, మెలితిప్పి, టేపు చుట్టిన సిగ్నల్స్ అతుకు. ఇది ఎప్పటిదో గుర్తుందా?

నా పన్నెండో తరగతి పరీక్షలు. వెనక స్పీకర్లు నా గది గోడకే ఉండేవి. నువ్వు సెలవు మీద వచ్చి యుద్ధం సినిమాలు పెట్టేవాడివి. నేను ఆర్గానిక్ కెమిస్ట్రీ చదువుకుంటుంటే నా వీపు వెనక ఫిరంగులు పేలేవి. ఒకరోజు కత్తెర పట్టుకొచ్చి కట్ చేశాను. అడిగితే ఎలుక కొరికిందన్నాను.

నువ్వు ఆ కొస చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశావు. ఎలుక కొరికితే అంత తిన్నగా తెగుతుందా? లైన్‌మన్‌కి ఆ మాత్రం తెలీదా? అతుకేశావు. మర్నాడు ఎలుకల బోను కొనుక్కొచ్చి సరిగ్గా నా చదువుకునే బల్ల కిందే పెట్టావు. వారం రోజులు! రోజూ సాయంత్రం కొత్త కొబ్బరి ముక్క! నేను ఆ కొబ్బరి ముక్కని చూస్తూ చదువుకున్నాను. ఒక్క మాట అనకుండా మనిషిని ఎలా వేపుకు తినాలో నీ దగ్గర నేర్చుకోవాలి.

అందుకే నిన్ను ముద్దాయి అనడానికి నాకు నోరు రావడం లేదు. మనిద్దరం ఒకే తీగ తెంపాం. నువ్వు టేపు చుట్టావు, నేను చుట్టలేదు. అంతే తేడా.

ఏంటి, ఎప్పుడు చూశానా ఈ ట్యాగు?

అడుగుతావనుకున్నాను.

ఇవాళ కాదు.

రెండో ఆదివారం. గళ్లన్నీ వెలిగి శబ్దం రాకపోయేసరికి, నువ్వు పాలకి కిందికి వెళ్లినప్పుడు మాన్యువల్ తీసి చదివాను. టెస్ట్ టోన్ నొక్కాను. తీగ లాగాను. తారీఖు చూశాను. అక్కడే, టీవీ వెనక దుమ్ములోనే, నీ మెసేజ్ తీసి రెండు తారీఖులూ సరిచూసుకున్నాను. నువ్వు లిఫ్ట్ దిగిన చప్పుడు వినబడగానే తీగ ఎలా ఉన్నది అలా లోపలికి తోసేసి, "ఈ కంపెనీ వాళ్లు మహా దొంగలు నాన్నా" అని మొదలుపెట్టాను.

మరి పోయిన ఆదివారం లాజ్‌పత్ రాయ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్ నుంచి, పుల్లకీ ఆంప్లిఫయరుకీ మధ్య పెట్టే ఆ డబ్బా ఎందుకు తెచ్చానంటావా? ఏదో ఒకటి తేవాలి కదా! ఉత్త చేతుల్తో వస్తే ఎందుకొచ్చావంటారు. అది తగిలించి, విప్పి, మళ్లీ తగిలించి సాయంత్రం దాకా సాగదీశాను. నువ్వు మూడుసార్లు టీ పెట్టావు. మూడోసారి అల్లం వేశావు.

కాబట్టి నాలుగు వారాల్లో రెండు వారాలే నువ్వు నన్ను మోసం చేశావు. మిగతా రెండూ నేను నిన్ను.

ఇవాళ కూడా సాగదీసేదాన్నే. అమ్మ ఆ వ్యాను బుక్ చేయకపోతే. ఇది మోగితే నేను రావడానికి సాకు ఉండదు. మోగకపోతే ఇదే ఉండదు. రాత్రంతా హాస్టల్‌లో లెక్క వేశాను. ఎటు వేసినా తేలలేదు.

సరే, ఇవ్వు ఆ చాకు. నాలుగో లైను నేను పెడతాను. ఐదోది నీది. రా, కింద కూర్చో. మోకాళ్లు నొప్పా? కుషన్ వేసుకో.

అలా కాదా? ఇంకొంచెం ఒలవాలా? ఇంత చాలా? ఎర్రది ఎర్రదానికి... తెలుసులే, అంత చేతకానిదాన్నేం కాదు. నీది బిగిసిందా? లాగి చూడు. ఆ.

ఆ ట్యాగులు ఇటివ్వు. పారెయ్యకు. నా దగ్గరుంచుకుంటాను.

ఇప్పుడు పుల్లలో ఏదో ఒక వాన సినిమా వెతుకుతాను. ఇది చాలు. కూర్చో నీ సీట్లో. చెయ్యెత్తు.

ఎడమ! కుడి! రెండు చేతులూ ఎత్తావు, ఎవరో తుపాకీ పెట్టినట్టు!

ష్... తలుపు తాళం. అమ్మ వచ్చేసింది. మాట్లాడకు. చూడు, చూడు... సంచులు అక్కడే వదిలేసింది. బాల్కనీ తలుపు తీస్తోంది. బట్టలు! ఢిల్లీలో వాన పడి నెలయింది, బయటంతా పొగ, అయినా వెళ్తోంది!

ఇక వ్యాను రాదులే.

నవ్వకు నాన్నా, కనిపెట్టేస్తుంది. ఇప్పుడొచ్చి ఏమైందే, ఎలా బాగైందే అని అడుగుతుంది. ఏం చెబుదాం?

ఎలుక కొరికిందని చెబుదాం. పన్నెండో అంతస్తులో ఎలుక. నమ్మదు. నమ్మకపోతే మానె.

నువ్వు మాత్రం ఒక బోను కొను. నా గదిలో, ఆ బల్ల కిందే పెట్టు. కొబ్బరి ముక్క తాజాది పెట్టు.

ఆదివారం ఆదివారం, నేనొచ్చేలోపు మార్చు.